పుట్టలో రాణి: వైద్య నిధి అప్పుకు నేను చెయ్యి ఎందుకు ఎత్తలేదంటే



పోయిన నెల కమిటీ సమావేశంలో వైద్య సహాయ నిధి నుంచి రెండు లక్షల అప్పు ఇవ్వాలన్న తీర్మానానికి చెయ్యి ఎత్తనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రాత్రి నుంచి గ్రూపులో నా మీద వచ్చిన మాటలన్నీ చదివాను. "పింఛను తీసుకుని హాయిగా కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది" అని ఒకరు రాశారు. "సంఘం డబ్బు ఆయన సొంతమా" అని ఇంకొకరు. నాకు కోపం రాలేదు. డబ్బు అడిగిన తమ్ముడి ఇంటికి నేను వెళ్లి వస్తూనే ఉన్నాను, ఆ ఇంటి ఇల్లాలు పడే బాధ కళ్లారా చూస్తూనే ఉన్నాను. చూసే కాదన్నాను. విషయం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది కాబట్టి నా కారణం అందరికీ తెలిసేలా రాస్తున్నాను. పొడుగే అవుతుంది, ఓపిక పట్టండి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు నలభై దాటాక మన సంఘం ఆదివారం క్లాసులో దిద్దుకున్నాను. తప్పులుంటే చెప్పండి, సరిచేసుకుంటాను.

తమ్ముణ్ణి అడిగే, పేరు లేకుండా ఈ మాత్రం రాస్తున్నాను. అతని భార్యకు మూడేళ్ల కింద రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు పెట్టడమూ అయింది. స్కానులో ఏమీ లేదన్నారు. తిరుత్తణికి వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చారు. ఈ ఏడాది వెన్నెముకలో మళ్లీ కనిపించింది. ఆసుపత్రిలో మందులు మళ్లీ మొదలుపెట్టారు. ఇంతలో ఎవరో చెప్పగా ఒక క్లినిక్‌కు వెళ్లారు. "కీమో కొమ్మల్ని మాత్రమే కొడుతుంది, మేము క్యాన్సర్ స్టెమ్ సెల్స్‌ను వేళ్లతో పెకలిస్తాం" అని వాళ్లు చెప్పారట. ఆరు ఇంజెక్షన్లు, ఏడు లక్షలు. మన నిధి నుంచి అడిగింది అందులో రెండు.

ఆ రోజు తమ్ముడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "గడ్డ కరిగిపోయిందన్నారు, స్కానులో ఏమీ లేదన్నారు. మరి ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందన్నా?"

నాకు జవాబు తెలియలేదు. వాళ్ల దగ్గర క్లినిక్ ఇచ్చిన రంగుల పుస్తకం ఉంటే అడిగి తెచ్చుకున్నాను. మా చెల్లెలి కూతురు బయోటెక్నాలజీ చదివింది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మూడు వారాలు చదివాను. నాకు అర్థమైనంత చెబుతాను.

ముందు మాటల గొడవ. తమిళంలో క్యాన్సర్‌ను పుట్రునోయ్ అంటారు, మీకు తెలుసు. పుట్రు అంటే మన పుట్టే. చెదపుట్ట లాగా పైకి లేచే రోగం అని ఆ పేరు. స్టెమ్ సెల్‌కు తమిళంలో కురుత్తణు అని, తెలుగులో మూలకణం అని అంటారు. మొదటిసారి చదివినప్పుడు నేను దాన్ని మూలకం అనుకుని కెమిస్ట్రీలోకి వెళ్లిపోయాను, మా మేనకోడలు నవ్వింది. మూలకణం అంటే తనలాంటి ఇంకో కణాన్నీ పుట్టించగలది, వేరే పని చేసే కణాల్నీ పుట్టించగలది. మన ఎముకల మూలుగలో ఉన్నవి అలాంటివే, రక్తమంతా వాటి సంతానమే. రక్త క్యాన్సర్‌కు మూలుగ మార్పిడి చేస్తారే, అది నిజమైన వైద్యం, దశాబ్దాలుగా జరుగుతోంది. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. మోకాళ్లకు, పక్షవాతానికి, షుగరుకు స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని బోర్డులు పెట్టుకున్నవాళ్లది వేరే సంగతి. క్యాన్సర్ మూలకణం ఈ రెండూ కాదు. అది గడ్డలోనే ఉండి గడ్డను మళ్లీ మళ్లీ లేపే కణం. ఈ మూడింటికీ పేరు ఒకటే కావడం వ్యాపారం చేసేవాళ్లకు బాగా కలిసివచ్చింది.

పుట్ట సంగతి చిన్నప్పుడు ఊళ్లో చూసినవాళ్లకు తెలుసు. గడ్డపారతో పుట్టను నేలమట్టం చేస్తాం. నెల తిరగకుండా మళ్లీ లేస్తుంది. కూలీ చెదలు ఎన్ని వేలు చచ్చినా లోపల రాణి బతికి ఉంటే చాలు. క్యాన్సర్ గడ్డ కూడా ఇంతేనా, అందులోనూ కూలీలు వేరు, రాణులు వేరా, లేక ప్రతి కణమూ రాణి కాగలదా అన్నదే శాస్త్రజ్ఞుల ప్రశ్న. తమ్ముడు అడిగింది కూడా అదే.

దీన్ని తేల్చడానికి మొదట్లో జరిగిన పనులు చదివితే మనసు బాగుండదు. అమెరికాలో చెస్టర్ సౌథమ్ అనే వైద్యుడు రోగుల క్యాన్సర్ కణాల్ని తీసి తిరిగి వాళ్ల చర్మం కిందే ఎక్కించి చూశాడు. 1961లో అచ్చయిన ఆ ఫలితాల్లో పది లక్షల కంటే ఎక్కువ కణాలు పెడితేగానీ గడ్డ లేవలేదు. అంటే అన్ని కణాలకూ ఆ శక్తి లేదేమో అన్న అనుమానం అప్పుడే ఉంది. అదే మనిషి 1963లో బ్రూక్లిన్‌లో ఒక ఆసుపత్రిలో 22 మంది రోగులకు, అవి క్యాన్సర్ కణాలని చెప్పకుండా ఎక్కించాడు. పెద్ద గొడవైంది. రోగిని అడగకుండా పరిశోధన చేయకూడదన్న నియమాలు గట్టిపడడానికి కారణమైన ఉదంతాల్లో అదీ ఒకటి. తరువాత ఈ పని ఎక్కువగా ఎలుకల మీద సాగింది.

మామూలు ఎలుకలో మనిషి కణం బతకదు, దాని ఒంటి రక్షణ వ్యవస్థ చంపేస్తుంది. ఆ రక్షణ లేకుండా పుట్టే ఎలుకల్ని ప్రత్యేకంగా పెంచుతారు. కెనడాలో టొరంటోలో జాన్ డిక్ బృందం 1994లో రక్త క్యాన్సర్ కణాల్ని అలాంటి ఎలుకలకు ఎక్కించింది. చాలా తక్కువ కణాలే, అదీ ఒక ప్రత్యేకమైన గుర్తు ఉన్నవే, రోగాన్ని మళ్లీ లేపగలిగాయి. కానీ అది రక్తం. రక్తంలో కణాలు విడివిడిగా తేలుతుంటాయి, సూదితో తీస్తే చాలు. రొమ్ము, పేగు, మెదడు లాంటి చోట్ల లేచే గట్టి గడ్డ అలా కాదు. కణాలు ఒకదానికొకటి అంటుకుని, మధ్యలో నార, రక్తనాళాలు, మన రక్షణ కణాలు అన్నీ కలిసి ముద్దగా ఉంటాయి. ఆ ముద్దను విడగొట్టడమే సగం పని.

ఎలా విడగొడతారో మేనకోడలు చెబుతుంటే నాకు మా గూడ్స్ ఆఫీసు గుర్తొచ్చింది. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన ముక్కను చల్లగా ఉంచి, సన్నగా తరిగి, నారను కరిగించే ఎంజైమ్‌లో నానబెడతారు. తరువాత వెంట్రుక మందం కంటే సన్నటి రంధ్రాల జల్లెడ పడతారు. ఈ నానబెట్టడంలోనే చాలా కణాలు చస్తాయి. కొన్ని ఎంజైమ్‌లు కణం ఒంటి మీది గుర్తుల్ని కూడా గీకేస్తాయి. లెక్క ఇక్కడే తప్పవచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి.

మిగిలిన కణాలకు లేబుళ్లు అంటిస్తారు. ప్రతి కణం ఒంటి మీద రకరకాల ప్రొటీన్లు పొడుచుకుని ఉంటాయి. ఫలానా ప్రొటీన్‌కే అతుక్కునే యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి కలుపుతారు. తరువాత ఆ కణాల్ని సన్నటి ధారలో ఒకదాని వెనుక ఒకటిగా లేజర్ వెలుతురు ముందు నుంచి పంపుతారు. ఏ రంగు మెరిసిందో చూసి, ఆ కణం ఉన్న చుక్కకు విద్యుత్తు తగిలించి, ఎడమ గొట్టంలోకో కుడి గొట్టంలోకో మళ్లిస్తారు. హంప్ యార్డు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వ్యాగన్లు దిబ్బ మీది నుంచి ఒక్కొక్కటే దొర్లుతుంటే, లేబుల్ చూసి పాయింట్లు మార్చి, ఏ లైనులోకి వెళ్లాల్సింది ఆ లైనులోకి తోయడమే. తేడా ఏమిటంటే ఈ యంత్రం సెకనుకు వేల కణాల్ని చూస్తుంది. మా యార్డులో లేబుల్ చిరిగిన వ్యాగన్ వారం రోజులు పడి ఉండేది.

2003లో అమెరికాలో యాన్ ఆర్బర్ ఊళ్లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ముహమ్మద్ అల్-హజ్, మైకేల్ క్లార్క్ మొదలైనవాళ్లు రొమ్ము క్యాన్సర్ మీద ఈ పని చేశారు. సీడీ44 అనే గుర్తు ఉండి, సీడీ24 అనే గుర్తు లేని, లేదా బాగా తక్కువ ఉన్న కణాల్ని వేరు చేశారు. అలాంటివి 100 పెట్టినా ఎలుకలో గడ్డ లేచింది. ఆ గుర్తుల పొందిక లేని కణాల్ని పదివేల లెక్కన పెట్టినా లేవలేదు. గట్టి గడ్డలో రాణి ఉందని చూపించిన మొదటి పని ఇదే. మరుసటి ఏడాది టొరంటోలో షీలా సింగ్, పీటర్ డర్క్స్ బృందం మెదడు గడ్డల్లో సీడీ133 గుర్తున్న 100 కణాలతో గడ్డ లేపింది. ఆ గుర్తు లేనివి లక్ష పెట్టినా రాలేదు.

ఈ లెక్క ఎలా తీస్తారో రైతు ఇళ్లలో పుట్టినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. మూటలోని విత్తనాల్లో ఎన్ని మొలుస్తాయో తెలియాలంటే వంద గింజలు తడిబట్టలో కట్టి చూస్తాం కదా. ఇక్కడ కొన్ని ఎలుకలకు పదివేల కణాలు, కొన్నిటికి వెయ్యి, కొన్నిటికి వంద, కొన్నిటికి పది పెడతారు. నెలల తరబడి కాచుకుని, ఎన్నిటికి గడ్డ లేచిందో చూసి, ఎన్ని కణాలకు ఒక రాణి ఉందో లెక్కకడతారు. అంతటితో ఆగరు. లేచిన గడ్డను కోసి, మళ్లీ విడగొట్టి, కొత్త ఎలుకలో పెడతారు. అందులోనూ లేవాలి. దాన్ని తీసి మూడో ఎలుకలో పెడతారు. తనలాంటిదాన్ని తాను పుట్టించగలదని తేల్చడానికి వాళ్లు నమ్ముకున్న పరీక్ష ఇది. ఒకసారి గడ్డ లేవడం చాలదు.

తేలిక పరీక్ష ఇంకొకటి ఉంది. కణాల్ని అంటుకోని గిన్నెలో, పోషక ద్రవంలో వదిలేస్తారు. మామూలు కణాలు పట్టు దొరక్క చస్తాయి. మూలకణ లక్షణం ఉన్నవి బతికి చిన్న చిన్న బంతులుగా పెరుగుతాయి. 1992లో ఎలుక మెదడు కణాలతో మొదలైన పద్ధతి ఇది. చవక, త్వరగా అయిపోతుంది, అందుకే అందరూ చేస్తారు. కానీ రెండు బంతులు అతుక్కుని ఒకటి కావచ్చు, మూలకణం కాని కణం కూడా నాలుగు రోజులు బంతి కట్టవచ్చు. గిన్నెలో బంతి లేచినంత మాత్రాన ఒంట్లో గడ్డ లేస్తుందని కాదు.

2003, 2004 తరువాత అందరూ రాణుల వేటలో పడ్డారు. ఈ కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఆ క్లినిక్ పుస్తకంలో రాసింది చాలావరకు నిజమే అయ్యేది. ఆగలేదు. నాకు ఈ మూడు వారాల్లో అన్నిటికంటే నచ్చింది ఈ తరువాతి భాగమే.

2008లో అదే మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎల్సా క్వింటానా, షాన్ మారిసన్ మొదలైనవాళ్లు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ తీసుకున్నారు. పాత రకం ఎలుకల్లో పెడితే దాదాపు పది లక్షల కణాలకు ఒకటి మాత్రమే గడ్డ లేపింది. అబ్బ, రాణులు ఎంత అరుదో అనుకోవాలి. వాళ్లు అక్కడితో సరిపెట్టుకోలేదు. ఆ ఎలుకల్లో రక్షణ వ్యవస్థ పూర్తిగా పోలేదు, కొంత మిగిలి ఉంటుంది. అది కూడా లేని కొత్త రకం ఎలుకల్ని తెచ్చారు, కణాలకు ఆసరాగా జిగురు పదార్థం కలిపారు, ఎక్కువ కాలం కాచుకున్నారు. ఈసారి నాలుగు కణాలకు ఒకటి గడ్డ లేపింది. ఒంటరిగా ఒక్కటే కణం పెట్టినా సరే.

పది లక్షలకు ఒకటి ఎక్కడ, నాలుగింటికి ఒకటి ఎక్కడ! విత్తనం అదే, మడి మారింది. అంటే ముందు లెక్కించింది విత్తనాన్ని కాదు, మడిని అని ఒక వర్గం అంది. మనిషి ఒంట్లో రక్షణ వ్యవస్థ ఉంటుంది కదా, ఏ రక్షణా లేని ఎలుక మాత్రం అసలైన మడి ఎలా అవుతుందని ఇంకో వర్గం అంది. నాకు రెండూ సబబుగానే తోస్తున్నాయి. ఇదేమీ చిన్న తప్పు కాదు, కానీ ఎవరూ దాచలేదు. పక్క గదివాళ్ల ఫలితాన్ని అదే విశ్వవిద్యాలయంవాళ్లు ప్రశ్నించి పేరుతో సహా అచ్చువేశారు. మన సంఘం ఆడిట్ రిపోర్టును ఎవరైనా ఇలా ప్రశ్నిస్తే ఏమవుతుందో ఆలోచిస్తున్నాను, సరే, అది వేరే రోజు మాట్లాడదాం.

తరువాత వాళ్లు విడగొట్టడం, మళ్లీ నాటడం అనే తలనొప్పే లేకుండా చూడాలనుకున్నారు. గడ్డ ఉన్నచోటే ఉండగా, కణం కదలకుండా, దానికి చెరగని రంగు వేస్తే? ఎలుక జన్యువుల్లో ముందే ఏర్పాటు చేసిపెడతారు. ఒక మందు ఇవ్వగానే ఫలానా గుర్తున్న కణాలు రంగు తేలతాయి, వాటి పిల్లలు, మనవలు అందరూ అదే రంగులో పుడతారు. ఇంటిపేరు లాంటిది. 2012లో బ్రస్సెల్స్‌లో చర్మం మీద, డల్లస్‌లో మెదడు మీద, ఉట్రెక్ట్‌లో పేగు మీద మూడు బృందాలు ఒకే సమయంలో ఫలితాలు ప్రకటించాయి. ఉట్రెక్ట్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం నాలుగు రంగులు వాడింది. ఎలుక పేగులోని కంతుల్లో ఎల్‌జీఆర్5 గుర్తున్న కణాలు పదో వంతు కూడా ఉండవు. కానీ వాటి రంగే కంతి నిండా పరచుకుంది. డల్లస్‌లో లూయిస్ పరాడా బృందం మెదడు గడ్డకు కీమో ఇచ్చి చూసింది. మందు ఆపాక గడ్డ మళ్లీ లేచింది గుర్తున్న నిద్రాణ కణాల నుంచే. అంటే రాణి ఉంది, నిజంగానే ఉంది. తమ్ముడి ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడ దొరికింది. కీమో ఎక్కువగా వేగంగా చీలే కణాల్ని కొడుతుంది. నెమ్మదిగా ఉన్నవి, పడుకున్నవి తప్పించుకోవచ్చు. స్కానుకు కనపడాలంటే గడ్డ కొంత పరిమాణం ఉండాలి. కొన్ని వందల కణాలు ఏ స్కానుకూ దొరకవు.

మిగతా సగం 2017లో వచ్చింది. రాణిని చంపితే సరిపోతుందా అని నేరుగా చంపి చూశారు. అమెరికాలో జెనెన్‌టెక్ సంస్థవాళ్లు ఎలుక పేగు గడ్డలో ఎల్‌జీఆర్5 కణాల్ని మాత్రమే చంపే ఏర్పాటు చేశారు. అసలు గడ్డ కరగలేదు, పెరగడం మాత్రం ఆగింది. చంపడం ఆపగానే ఎల్‌జీఆర్5 కణాలు తిరిగి ప్రత్యక్షమయ్యాయి, గడ్డ మళ్లీ పెరిగింది. కాలేయానికి పాకిన గడ్డల విషయంలో మాత్రం ఆ కణాలు లేకపోతే నిలబడలేకపోయాయి. జపాన్‌లో తోషిరో సాటో బృందం మనిషి పేగు క్యాన్సర్ కణాల్ని చిన్న ముద్దలుగా పెంచి, ఎలుకలో నాటి, అదే పని చేసింది. రాణులు చచ్చాయి, గడ్డ కుంచించుకుంది. కొన్నాళ్లకు అప్పటిదాకా కూలిపని చేస్తున్న ముదురు కణాలే వెనక్కి తిరిగి రాణులయ్యాయి.

చెదల్లో కూడా కొన్ని జాతుల్లో ఇంతే. రాణి చస్తే, పుట్టలో మిగిలినవాటిలోంచే ఒకటి ఆ పని అందుకుంటుంది. పుట్రునోయ్ అని పేరుపెట్టిన పెద్దలకు ఇది తెలిసి పెట్టారని నేను అనను. కుదిరింది అంతే.

ఇప్పుడు ఆ క్లినిక్ పుస్తకం తెరుస్తాను. మూడో పేజీలో ఒక గ్రాఫు ఉంది, మందు వేసిన గిన్నెలో బంతుల సంఖ్య తగ్గిందని. పక్కన ఎలుక బొమ్మ, మందు ఇచ్చాక గడ్డ చిన్నదైందని. ఇంకేమీ లేదు. మనుషుల మీద చేసిన పరీక్ష ఒక్కటీ లేదు. సరే, వాళ్లు చెప్పినదాన్నే నమ్ముదాం. కీమోకు గడ్డ కరిగినా రాణి మిగులుతుంది, మేము రాణిని చంపుతాం అని కదా వాళ్ల మాట. అలాంటప్పుడు గడ్డ చిన్నదైందని చూపిస్తే ఏం లాభం? గడ్డ కీమోకు కూడా చిన్నదవుతుంది. మందు ఇచ్చాక మిగిలిన గడ్డను కోసి, విడగొట్టి, కణాల్ని పలచన చేసి, కొత్త ఎలుకల్లో పెట్టి, ఎన్నిటికి గడ్డ లేవలేదో చూపించాలి. శాస్త్రజ్ఞులు తమ మీద తాము పెట్టుకున్న పరీక్ష అది. ఇరవై ఏళ్ల పరిశోధనలోంచి ఒక్క మాటను ఏరుకుని, పరీక్షను వదిలేశారు వీళ్లు. ఇంకో తమాషా. ఎనిమిదో పేజీలో మోకాళ్ల నొప్పికి, పక్షవాతానికి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని ఉంది. మూడో పేజీలో విషం, ఎనిమిదో పేజీలో అమృతం.

గిన్నెలోనూ ఎలుకలోనూ బాగా పనిచేసినవి ఏమయ్యాయో ఒక ఉదాహరణ చెబుతాను. 2009లో అమెరికాలో ఒక బృందం దాదాపు 16,000 రసాయనాల్ని పరీక్షించి, సాలినోమైసిన్ అనేది రొమ్ము క్యాన్సర్ మూలకణాల్ని చంపుతోందని కనిపెట్టింది. ఆ కణాల పాలును తగ్గించడంలో వాడుకలో ఉన్న పాక్లిటాక్సెల్ అనే కీమో మందు కంటే నూరు రెట్లకు పైగా మేలని లెక్క తేలింది. ఆ సాలినోమైసిన్ ఏమిటో తెలుసా? కోళ్ల మేతలో కలిపే మందు. నామక్కల్ వైపు కోళ్ల ఫారాలవాళ్లను అడగండి. గుర్రం తింటే చస్తుంది, మనిషికీ విషమే. ఇన్నేళ్లయినా అది ఏ ఆసుపత్రిలోనూ క్యాన్సర్‌కు మామూలు మందు కాలేదు. నాపాబుకాసిన్ అని ఇంకో మందును క్యాన్సర్ మూలకణాల మందు అనే పెద్ద పెద్ద పరీక్షల దాకా తీసుకెళ్లారు. కడుపు, క్లోమం, పెద్దపేగు క్యాన్సర్ల మీద వందలాది రోగులతో చూస్తే ఆయుష్షు పెరగలేదు. అంత డబ్బు, అంత చదువు ఉన్నవాళ్లకే ఎదురుదెబ్బ తగిలితే, మన ఊరి క్లినిక్‌లో మేడమీది గదిలో ఆరు ఇంజెక్షన్లతో అయిపోతుందా?

మన దేశంలో ఐసీఎంఆర్, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో స్టెమ్ సెల్ పరిశోధనకు జాతీయ మార్గదర్శకాలు ఇచ్చాయి. ఆమోదించిన రక్త రోగాల వంటివాటికి చేసే మూలుగ మార్పిడి తప్ప, మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా అనుమతి పొందిన పరిశోధనగానే జరగాలి, చికిత్సగా అమ్మకూడదు అని అందులో ఉంది. పరిశోధన అయితే దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేసి నంబరు తీసుకోవాలి. నేను ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి నంబరు అడిగాను. "సార్, మీరు పేషెంటా?" అని అడిగి పెట్టేశారు.

"ఆశ మీద నీళ్లు పోయడానికి మీరెవరు?" అని మన కార్యదర్శి సమావేశంలో నన్ను అడిగారు. ఈ మాట నన్ను నిజంగానే నిద్రపోనివ్వలేదు. ఆయన మనసు మంచిది, ఆయన అక్కయ్య కూడా ఈ రోగంతోనే పోయింది. కానీ ఆ తమ్ముడు మిగతా ఐదు లక్షలకు తిరువళ్లూరు దగ్గరి స్థలం అమ్మాలనుకుంటున్నాడు. ఇద్దరు పిల్లలు. మనం రెండు లక్షలు ఇస్తే అది కేవలం డబ్బు కాదు, పెద్దలందరూ సరే అన్నారన్న ధైర్యం. ఆ ధైర్యంతో స్థలం అమ్ముతాడు. సంఘం ముద్ర పడిన కాగితం చూపించి ఆ క్లినిక్ రేపు మన దాంట్లోనే ఇంకో ఇంటికి వస్తుంది.

నేను అడిగేది ఇది. అప్పు వద్దు, ఆ రెండు లక్షలు తిరిగి ఇవ్వనక్కర్లేని సహాయంగానే ఇద్దాం. కానీ ఇప్పుడు చూస్తున్న ఆసుపత్రిలో జరిగే వైద్యానికి, రాకపోకలకు, ఆసుపత్రి పక్కన గదికి, తమ్ముడు పనికి పోలేని రోజుల కూలికి. వెన్నులోకి వచ్చిన క్యాన్సర్‌కు నొప్పి తగ్గించే రేడియేషన్ ఉంది, ఎముకను గట్టిపరిచే ఇంజెక్షన్లు ఉన్నాయి, రొమ్ము క్యాన్సర్ రకాన్ని బట్టి ఏళ్ల తరబడి అదుపులో ఉంచే మాత్రలూ ఉన్నాయి. ఇవన్నీ మనుషుల మీద పరీక్షించి నిలిచినవి. ఇంకో డాక్టరు మాట కావాలంటే, 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పెట్టిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మన ఊళ్లోనే ఉంది. ముఖ్యమంత్రి బీమా కార్డు కాగితాల పని నేను చూస్తాను. ముప్పై నాలుగేళ్లు ఫారాలు నింపినవాణ్ణి, ఆ మాత్రం చేయగలను.

ఇక ముందు వైద్య నిధి దరఖాస్తులో ఒక గడి పెంచాలని కూడా తీర్మానం పెడతాను. కొత్త చికిత్స పేరు చెప్పి డబ్బు అడిగితే, అది గిన్నెలో పనిచేసిందా, ఎలుకలోనా, మనుషుల్లోనా అన్నది చికిత్స చేసే డాక్టరే రాసి సంతకం పెట్టాలి. పరిశోధన అయితే రిజిస్ట్రీ నంబరు రాయాలి. రాయనివాళ్లకు మన నిధి నుంచి పైసా వెళ్లకూడదు.

నిన్న సాయంత్రం ఇదంతా తమ్ముడికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "అయితే రాణిని చంపే మందు లేదా అన్నా?" అన్నాడు. "ఈ రోజుకు లేదు తమ్ముడూ, వెతుకుతున్నారు" అన్నాను. లోపల నుంచి ఆ అమ్మాయి కాఫీ తెచ్చి ఇచ్చింది, వద్దన్నా వినకుండా తనే తెచ్చింది. "మామా, గురువారం స్కాను ఉంది, వెన్ను నొప్పితో ఆటోలో కూర్చోలేను" అంది.

గురువారం పొద్దున ఆరు గంటలకు కొళత్తూరు నుంచి ఆసుపత్రికి వెళ్లాలి. వెనుక సీటులో పడుకోవడానికి వీలున్న కారు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ రోజు రాత్రిలోగా నాకు ఫోన్ చేయండి. డీజిల్ ఖర్చు నాది.